మొదలిడిన పని ముగించుటలో గల తృప్తి

"ఆంధ్రులు ఆరంభశూరులు" అను మాట మన చెవులకు క్రొత్తది కాదు. వినునప్పుడు నవ్వుకొందుము. కాని ఎండాకాలములో ఏ గ్రామమునందైనను నాలుగు పెరడులు చూచి వచ్చినచో ఈ మాట ఎట్లు పుట్టినదో తెలియును. రాటలు పాతి తీగ కట్టని పందిరి ఒకచోట, సగము లేచిన గోడ ఒకచోట, తవ్వి విడిచిన గుంత మరియొకచోట కానవచ్చును. ఇతరుల మాట ఎందులకు? రెండేండ్ల క్రిందటి వరకు మా పెరడును ఇట్లే ఉండెను. కనుక ఈ సంగతులు వ్రాయుటకు నాకు కొంత అర్హత కలదు.

తవ్వి విడిచిన గుంత

మా ఇంటి స్నానపు నీరు, అంట్లు తోమిన నీరు వీధిలోనికి పోయి నిలుచుచుండెను. ఇంకుడు గుంత తవ్వవలెనని రోహిణి కార్తెలో పలుగు, పార పట్టితిని. నాలుగడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు గల గుంత రెండు దినములలో సిద్ధమైనది. దానిని నింపుటకు రాళ్ళు కావలెను. అవి ఇంట లేవు. తరువాత తెప్పింతమని ఊరకుంటిని. ఇంతలో తొలకరి పడినది. దుక్కులు, నారుమళ్ళు, నాట్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. గుంత నీటితో నిండి దోమలకు నెలవైనది. నిలిచిన మురుగు నీటిలో పెరుగు క్యూలెక్స్ దోమయే బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయునని మన రైతులకు తెలియనిది కాదు.

ఒకనాటి రాత్రి మా పెయ్య పలుపు తెంపుకొని ఆ గుంతలో జారిపడినది. తెల్లవారి చూచుసరికి ముందుకాలు వాచి నిలువలేకుండెను. పశువుల డాక్టరుగారు వచ్చి కట్టు కట్టిరి. పెయ్య బ్రతికినది, కాని నేటికిని కొంచెము కుంటుచునే నడచును. మా అమ్మ నన్ను తిట్టలేదు. "తవ్వకముందే నయం కదరా నాయనా, అప్పుడు నేలైనా ఉండేది!" అని మాత్రము అన్నది. ఆమె అప్పటికే రెండు నెలలుగా చీకటిలో టార్చి లైటు పట్టుకొని ఆ గుంతను చుట్టి పోవుచుండెను. ఆ సంగతి నేను గమనింపనే లేదు.

పని ఏల ఆగిపోవును?

బద్ధకమే కారణమని అందురు. మా విషయములో అది కొంతవరకే నిజము. అసలు కారణము సామాను చేరకముందే పని మొదలిడుట. గుంత తవ్వుట రెండు దినముల పని. రాళ్ళు చేర్చుట పది దినముల పని. కష్టమైన దానిని విడిచి కంటికి కనబడు దానిని ముందు చేసితిని. రాళ్ళ కుప్ప పెరటిలో ఉండినచో గుంత తవ్విన మరునాడే నిండెడిది.

ఆ సంవత్సరము కోతలు, నూర్పిళ్ళు ముగిసిన పిదప నేనును, నా భార్యయును కూర్చుండి పాత క్యాలెండరు వెనుక సగము నిలిచిన పనులన్నియు వ్రాసితిమి. తొమ్మిది తేలినవి! వీనిలో ప్రమాదము గలది మొదట, అదను దాటిపోవునది తరువాత, సౌకర్యము కొరకైనది చివర చేయవలెనని నిర్ణయించుకొంటిమి. ఒకటి ముగియక మరొకటి ముట్టరాదని నా భార్య షరతు పెట్టినది.

గుంత పూర్తి చేసిన విధము

పొరుగువారు పాత గోడ పడగొట్టగా మిగిలిన ఇటుక ముక్కలు ట్రాక్టరు ట్రక్కుతో తెచ్చితిమి. గుంతలోని బురద ఎత్తివేసి, అడుగున పెద్ద రాళ్ళు, నడుమ పిడికిలి ప్రమాణము గలవి, పైన చిన్న ముక్కలు పేర్చితిమి. నీరు వచ్చుచోట అడుగున చిల్లులు పొడిచిన కుండ నుంచి, అందులో కొబ్బరి పీచు నింపితిమి. జిడ్డు, మెతుకులు ఈ పీచులో చిక్కుకొనును. పైన గోనె పట్టా పరచి మన్ను కప్పితిమి.

ఇట్టి గుంత త్రాగునీటి బావికి కనీసము 50 అడుగుల దూరమున ఉండవలెను. మరుగుదొడ్డి నీరు ఇందులోనికి విడువరాదు. నల్లరేగడి నేలలలోను, నీరు పైననే తగులు పల్లపు నేలలలోను ఇది సరిగా పనిచేయదు. అట్టిచోట్ల ఆ నీటిని అరటి, కంద మొక్కలకు మళ్ళించుట మేలు. పదిహేను దినములకు ఒకసారి పీచు మార్చవలెను.

పని ముగిసిన సాయంకాలము అమ్మ ఒక బిందెడు నీరు పోసినది. నీరు గుడగుడమని దిగిపోయినది. అందరమును కొంతసేపు అచటనే నిలుచుంటిమి. మరునాడు ఉదయము చూతును గదా, ఆమె ఆ చోట కళ్ళాపి చల్లి ముగ్గు వేసి యుండెను. పెక్కు పంటలు ఇంటికి తెచ్చితిని గాని, ఆ ముగ్గు చూచి కలిగిన సంతోషము వేరు.

పందిరి

రెండవది పందిరి. రాటలు రెండేండ్లుగా నిలిచియే ఉండెను. ఆరడుగుల ఎత్తున తీగలు లాగి కట్టుటకు ఒక పూట పట్టినది. తొలకరిలో బీర, కాకర, పొట్ల గింజలు నాటి, ఒక మూల దొండ తీగ ముక్కలు పాతితిమి. రెండు నెలలు తిరుగకమునుపే బీరకాయలు దిగినవి. పొట్లకాయ వంకర పోకుండ కొనకు చిన్న రాయి కట్టుట పిల్లలకు ఆటయైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు కనీసము 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అవసరమని చెప్పుచున్నది. అనగా అయిదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలు. ఇదంతయు పందిరి ఈయదు గాని, అంగడి ఖర్చు తగ్గించును. పొరుగింటికి నాలుగు కాయలు పంపు భాగ్యము కలిగించును.

ముగిసినదని ఎప్పుడు అనవలెను?

పార కడిగి దాని చోట పెట్టినప్పుడు, మిగిలిన ముక్కలు, తీగలు ఏరివేసినప్పుడు, ఇకపై దానిని ఎవరు చూచుకొనవలెనో నిర్ణయమైనప్పుడు మాత్రమే పని ముగిసినది. మా ఇంట గుంత పీచు నా వంతు, పందిరి పాదులు పిల్లల వంతు.

గ్రామాధికారులు, పెద్దలు కూడ ఈ సంగతి గమనింపగోరుచున్నాను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన నాటినుండి మన పల్లెలలో శ్రమదానముతో ఎన్నో రోడ్లు, కాలువలు పడినవి. అయినను నీరు పోవుదారి చూపకుండ తవ్విన మురుగు కాలువ కాలువ కాదు, పొడుగాటి మడుగు. పలుగు పట్టుటకు ముందు రాళ్ళు, తూములు చేర్చుకొనిన గ్రామమే పని ముగింపగలదు.

రైతు సోదరులారా! మా తొమ్మిది పనులలో నేటికి ఏడు ముగిసినవి, రెండు మిగిలియున్నవి. తొలకరికి ముందే మీ పెరడు ఒకసారి చుట్టి రండు. క్రొత్త పని తలపెట్టవద్దు. నిలిచియున్న వానిలో ఒక్కటి, ఎవరి కాలికైనను అడ్డము తగులునది ఏరుకొని ముగింపుడు. ఆ రాత్రి నిద్ర ఎట్లు పట్టునో మీకే తెలియును.