పింగాణి బలము, కొలతలో సత్యము

పింగాణి యనగానే చేయిజారిన పగులు గిన్నె మనకు స్ఫురించును. కాని నేడు ఆ జాతి పదార్థముతోనే వైద్యులు తుంటికీలునకు బంతి నమర్చుచున్నారు. మనుష్యుని బరువు మోయు నా బంతి పగులకుండుటకు మూలము దానిలోని ప్రావస్థల పాళ్లు.

జిర్కోనియాను చూడుడు. మన విశాఖ, శ్రీకాకుళ తీరముల యిసుకలో నున్న జిర్కాను ఖనిజమునుండి తీయదగిన పదార్థమిది. పరమాణువు లవే యైనను, వాని యమరికను బట్టి దీనికి వేర్వేరు ప్రావస్థలు కలవు. మిక్కిలి వేడిలో నిలుచునది టెట్రాగొనల్. చల్లారినప్పు డేర్పడునది మోనోక్లినిక్. కొంచెము యిట్రియా కలిపినచో మొదటిది చల్లదనములోను నిలుచును. పగులు రాగానే అచ్చటి కణికలు రెండవ రూపమునకు మారి, నూటికి సుమారు 4 పాళ్లు ఉబ్బి, ఆ పగులును నొక్కిపట్టును. ఈ గుణమును 1975లో గార్వీ, హానింక్, పాస్కో యను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఆ మార్పు ముందే జరిగిపోయినచో, కాపాడవలసిన బలమే చీలికలకు కారణమగును.

ఈ పాళ్ల నెట్లు కొలుతురు? కోసిన ముఖముపై ఒక ఖనిజ మాక్రమించు వైశాల్యపు పాలే మొత్తము ఘనపరిమాణములో దాని పాలని, 1847లో ఫ్రెంచి భూగర్భశాస్త్రజ్ఞుడు డెలెస్ శిలల విషయమున చెప్పెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చేయునదియు నిదియే. బరువైన పరమాణువులు ఎలక్ట్రానుల నెక్కువగా వెనుకకు మరల్చును. కావున అల్యూమినాతో కలిసిన జిర్కోనియా తెల్లగను, అల్యూమినా నల్లగను కానవచ్చును. తెలుపును లెక్కించిన చాలును. జిర్కోనియా యొక్క రెండు రూపములకు మాత్రము ఆ తెలుపులో భేదము కానరాదు. అందుకై నమూనాను 70 డిగ్రీలు వంచి, ఒక్కొక్క కణికనుండి వచ్చు ఎలక్ట్రానుల చారలను చదివి రూపమును నిర్ణయింతురు.

ఇచ్చట నొక చిక్కు కలదు. నమూనాను నునుపు చేయు రాపిడియే టెట్రాగొనల్‌ను మోనోక్లినిక్‌గా మార్చగలదు! విచారణాధికారియే సాక్షిని బెదరించిన ట్లగును. కనుక మృదువుగా సానపట్టి, పెక్కుచోట్ల పరికించి, ఎక్సురే పరీక్షతో సరిపోల్చవలెను. అందమైన చిత్ర మొక్కటి ప్రమాణము కాజాలదు.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. ఫ్రాన్సులో తయారైన జిర్కోనియా తుంటిబంతులు రోగుల శరీరములలోనే పగులుటచే, 2001లో వానిని వెనుకకు తీసికొనవలసివచ్చెను. కాల్చు కొలిమిని మార్చుటచే లోపలి నిర్మాణము మారినదని పిదప తేలెను. పైకి మాత్రము బంతి బంతివలెనే యుండెను.

తీరమున యిసుక యుండుట భాగ్యమే. దానిని రోగి యెముకలో నిలుపదలచిన వారికి కొలిమియెంత ముఖ్యమో, శ్రద్ధగల కొలతయు నంత ముఖ్యము.