మోకాలిలోని నెలవంకలు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దల మాట. మోకాలి విషయంలో మాత్రం ఈ మాటలోని మొదటి సగం అన్నివేళలా నిజం కాదు. కబడ్డీ బరిలో కూతకు వెళ్ళిన యువకుడు పాదాన్ని నేలపై నిలిపి, దేహాన్ని ఒక్కసారిగా పక్కకు తిప్పుతాడు. కీలులో 'టప్'మని శబ్దమవుతుంది. చిరిగినది చిన్న మెత్తని బిళ్ళే కావచ్చు. కాని దానికి జరిగే చికిత్స, ఆ తరువాత అతడు పాటించే నియమాలు కొన్ని దశాబ్దాల నడకను నిర్ణయిస్తాయి.

తొడ ఎముక కింది కొన గుండ్రంగా ఉంటుంది. దానిని మోసే కాలి ఎముక పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది. ఈ రెండింటికీ పొందిక కుదిర్చేవి నెలవంక ఆకారం గల మృదులాస్థి బిళ్ళలు. వైద్యులు వీటిని మెనిస్కస్‌లు అంటారు. ప్రతి మోకాలిలోను లోపలివైపు ఒకటి, వెలుపలివైపు ఒకటి ఉంటాయి. కాలు చాచి నిలబడినప్పుడు కీలుపై పడే భారంలో సుమారు సగాన్ని, మోకాలిని 90 డిగ్రీలు వంచినప్పుడు సుమారు 85 శాతాన్ని ఇవే భరిస్తాయి.

ఇంతటి ఉపకారం చేసే ఈ బిళ్ళల విలువను వైద్యలోకం ఆలస్యంగా గుర్తించింది. 1883లో ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి మోకాలిలో విడివడిన మెనిస్కస్‌ను కుట్టి నిలిపాడు. అయినా ఆ మార్గాన్ని చాలాకాలం ఎక్కువమంది అనుసరించలేదు. అవి ఏనాటి కండరాలకో మిగిలిన నిరుపయోగమైన అవశేషాలనే అభిప్రాయం అప్పట్లో ఉండేది. అందువల్ల చిరిగిన మెనిస్కస్‌ను పూర్తిగా తొలగించడమే పరిపాటి అయింది. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే ఆంగ్ల వైద్యుడు అలా తొలగించిన మోకాళ్ళ ఎక్స్-రే చిత్రాలను పరిశీలించి, కీలులో వచ్చిన మార్పులను వివరించాడు. నెలవంక లేని చోట భారం కొద్ది స్థలంలోనే కేంద్రీకృతమై, ఎముకల చివరల నున్నని పూత క్రమంగా అరిగిపోతుంది. అదే కీళ్ళ అరుగుదల వ్యాధికి దారితీస్తుంది.

అందుచేత సాధ్యమైన చోట కుట్టి కాపాడటమే నేటి వైద్యుల ఆశయం. అయితే ప్రతి చిరుగూ కుట్టుకు లొంగదు. మెనిస్కస్‌కు రక్తప్రసారం ప్రధానంగా వెలుపలి అంచుకే పరిమితం. అక్కడి చిరుగు మానే అవకాశం ఎక్కువ. రక్తనాళాలు లేని లోపలి భాగంలో తక్కువ. కనుక కుట్టాలో, చిరిగిన ముక్కను మాత్రమే తొలగించాలో చిరుగు చోటును, తీరును, రోగి వయస్సును బట్టి నిర్ణయిస్తారు. చిన్న రంధ్రాల గుండా సన్నని దర్శిని పంపి చేసే ఆర్థ్రోస్కోపీ పద్ధతి ఈ పనిని సులభతరం చేసింది.

శస్త్రచికిత్స ముగిసినంత మాత్రాన మోకాలు బాగుపడినట్లు కాదు. దారం అంచులను దగ్గరకు చేర్చి ఉంచుతుంది; మాన్పవలసినది శరీరమే. ముక్కను తొలగించిన వాడు కొద్ది వారాలలోనే ఆటకు సిద్ధం కావచ్చు. కుట్టించుకున్న వాడు నెలల తరబడి ఓర్పు వహించాలి. సాధారణంగా మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు మోకాలిని 90 డిగ్రీలకు మించి వంచనివ్వరు. చిరుగు స్వభావాన్ని బట్టి చంకకర్రలు, మోకాలి పట్టీ వాడమంటారు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, నేలమట్టపు మరుగుదొడ్డి వాడటం మన ఇళ్ళలో నిత్యకృత్యాలు. మోకాలు ముడుచుకున్నకొద్దీ కుట్టుపై ఒత్తిడి పెరుగుతుంది. కనుక వైద్యుడు అనుమతించే వరకు వీటిని మానుకోవాలి. ఆటలకు తిరిగి వెళ్ళడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, కొన్నిసార్లు అంతకుమించి పడుతుంది.

ఈ కాలంలో తొడ ముందరి కండరాలు త్వరగా క్షీణిస్తాయి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలతో వాటిని బలపరచుకోవాలి. శరీరం బరువు ఒక కిలో తగ్గితే నడకలో మోకాలిపై పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది. కీలు ఉన్నట్టుండి వాచినా, మధ్యలో పట్టేసినా వైద్యునికి చూపించాలి. జ్వరంతో కీలు ఎర్రబడినా, పిక్కలో నొప్పి, వాపు కనిపించినా ఏమాత్రం జాగు చేయరాదు.

ఇన్ని జాగ్రత్తలు పాటించినా కుట్టు అందరికీ నిలవదు. సుమారు ఐదుగురిలో ఒకరికి కొన్నేళ్ళలో విఫలం కావచ్చు. అయినా మిగిలిన నలుగురికి దక్కేది సొంత నెలవంక. నొప్పి తగ్గడమే మానడమని భ్రమించి మైదానానికి పరుగెత్తే తొందర ఆ భాగ్యాన్ని చెడగొడుతుంది. నొప్పి లేని రోజుల్లో కూడా నియమాన్ని విడువని వానికే మోకాలు చిరకాలం తోడుంటుంది.