లెక్క సరిగానే ఉంది, మరి నెత్తురెందుకు ఆగలేదు?

మా బాగేపల్లిలో ముక్కు నుంచి నెత్తురు కారితే "వేడి చేసింది, తలమీద చన్నీళ్లు పొయ్యండి" అనేవారు పెద్దలు. మా మేనత్తకు మాత్రం ఏ చిట్కా పనిచేసేది కాదు. చింతామణిలో పన్ను పీకించుకుంటే రెండు రోజులు నోట్లో దూది మార్చుకుంటూ కూర్చుంది. చిక్కబళ్లాపురంలో పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్ల లెక్క సరిగానే ఉందన్నారు.

"లెక్క సరిగా ఉంటే నెత్తురెందుకు ఆగలేదురా?" అనడిగింది అత్త. నేను చెప్పలేకపోయాను.

ఆ జవాబు కోసం చదువుతుంటే డాక్టర్ ఎ. కోనేటి రావు గారి పేరు కనబడింది. పేరు వినగానే మనకు తిరుమల కోనేటిరాయుడు గుర్తొస్తాడు కదా! ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో, సోల్ షెర్రీ థ్రాంబోసిస్ పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి ప్లేట్‌లెట్ల మీద పరిశోధన సాగించిన వైద్యులాయన.

ప్లేట్‌లెట్లు మైక్రోలీటరు నెత్తుటిలో సుమారు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. బతికేది వారం పది రోజులే. గాయమైన చోటికి చేరి, ఒకదానికొకటి అంటుకొని నెత్తురును ఆపుతాయి. మన చెరువు కట్టకు గండి పడిందనుకోండి. ఊళ్లో జనం ఉంటే చాలదు, వాళ్లకు దండోరా వినిపించాలి. ప్లేట్‌లెట్ల లోపలా అలాంటి దండోరా ఒకటుంది.

కోనేటి రావు గారు వెతికింది దాన్నే. రన్‌క్స్‌-1 అనే జన్యువులో లోపమున్న రోగి ప్లేట్‌లెట్లలో ఒక ముఖ్యమైన ప్రోటీను తగ్గిందనీ, అంటుకొమ్మనే సంకేతం సరిగా సాగడం లేదనీ ఆయన బృందం 2004లో 'బ్లడ్' పత్రికలో వెల్లడించింది. ఈ లోపం తరతరాలకూ సంక్రమిస్తుంది. అలాంటి కుటుంబాల్లో కొందరికి రక్త క్యాన్సర్ కూడా రావచ్చు. కనుక ముక్కు నెత్తురే కదా అని వదిలేయరాదు.

బెంగళూరులో చేయించిన పరీక్షల్లో అత్తకు ఆ జన్యులోపం లేదని తేలింది. అయితే ప్లేట్‌లెట్ల పనితనంలోనే లోపముందన్నారు. ఆ మాట ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో ఒకటే పట్టు, కూతురికి సంబంధాలు చెడిపోతాయని. చివరికి అత్తే నోరు విప్పింది. అందుకే కూతురి కాన్పు నాటికి డాక్టర్లు ముందే సిద్ధంగా ఉన్నారు. తల్లీ బిడ్డా క్షేమం.

మీ ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే నెత్తురు ఆగదా? నెలసరి మరీ ఎక్కువా? ఆస్పిరిన్ సొంతంగా మింగకండి. ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. దాచిపెడితే నష్టపోయేది మన పిల్లలే.