పెదవడ్లపూడికి పడవపై వచ్చిన పుస్తకం

ఇంటిపన్ను కట్టే ప్రతి గృహస్థుకూ గ్రంథాలయంలో వాటా ఉంది

మంగళగిరి: కృష్ణా పశ్చిమ కాలువ దరినున్న పెదవడ్లపూడికి ఒకప్పుడు పుస్తకాలు పడవ మీద వచ్చేవంటే నేటి యువజనులు నమ్మకపోవచ్చు. కాని ఇది కట్టుకథ కాదు. దుగ్గిరాల సమీపంలోని పెదపాలెం గ్రామానికి చెందిన పాతూరి నాగభూషణం 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువపై బోటు గ్రంథాలయాన్ని నడిపించారు. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో డెల్టా గ్రామాలకు కాలువలే రాజమార్గాలు. ధాన్యమైనా, కలపైనా, పెళ్ళివారైనా పడవ ఎక్కవలసిందే. ఆ దారినే పుస్తకాన్ని కూడా పల్లెకు పంపించారు.

పుస్తకం దగ్గరకు మనిషి రాలేకపోతే మనిషి దగ్గరకే పుస్తకం పోవాలన్నది ఆనాటి పెద్దల పట్టుదల. ఇప్పుడు ఈ ప్రాంతం రూపే మారిపోయింది. జాతీయ రహదారి ఉంది. విశ్వవిద్యాలయాలు, ఎయిమ్స్ ఆసుపత్రి వచ్చాయి. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. చేతిలో సెల్‌ఫోను లేని మనిషి అరుదు. ఇన్ని వచ్చాక గ్రంథాలయంతో పనేముందన్న మాట రచ్చబండల దగ్గర వినిపించడం సహజమే. అయితే అది ఎవరి సొత్తో, ఎవరి డబ్బుతో నడుస్తున్నదో తెలుసుకున్న తర్వాత ఆ మాట అనడం అంత తేలిక కాదు.

విద్యాదానం ఉద్యమమైన రోజులు

తెలుగునాట గ్రంథాలయాలు ప్రభుత్వం కట్టిస్తే వచ్చినవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. గ్రంథాలయాలకు ఒక సంఘం అంటూ ఏర్పడింది అక్కడే. దీని వెనుక నిలిచి పనిచేసిన అయ్యంకి వెంకటరమణయ్యను జనం గ్రంథాలయ పితామహుడన్నారు. ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 1979లో ఆయన కన్నుమూశారు.

ఆనాడు పల్లెల్లో అక్షరం వచ్చినవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మందే. 1951 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో చదవగలిగినవారు నూటికి 18 మంది మాత్రమే. మరి చదువు రాని ఊళ్ళో గ్రంథాలయం ఎవరికోసం? చదువు వచ్చిన ఒకరు పత్రికను బిగ్గరగా చదివితే చుట్టూ కూర్చుని పదిమంది వినేవారు. రాత్రిపూట దీపం పెట్టి వయోజనులకు అక్షరాలు దిద్దించేవారు. స్వాతంత్ర్యోద్యమ కబురు పల్లెకు చేరింది కూడా ఇలాంటి పఠన మందిరాల ద్వారానే. పాతూరి, అయ్యంకి వంటివారితోపాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా గ్రంథాలయాన్నీ, వయోజన విద్యనూ జోడెడ్లుగా నడిపించారు. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనం ఆయన పేరుతో వెలసినదే.

పొరుగు రాష్ట్రంలోనూ ఇదే దారి. తమిళనాడులోని మన్నార్‌గుడి ప్రాంతంలో 1931లో ఎడ్లబండి మీద గ్రంథాలయం ఊరూరా తిరిగింది. అక్కడ బండి చక్రాలు చేసిన పని నాలుగేళ్ళ తర్వాత ఇక్కడ కాలువ నీరు చేసింది.

నేతగాళ్ళ ఊరు వేటపాలెం

మంగళగిరి వాసులకు ఎక్కువ ఆసక్తి కలిగించే ఉదాహరణ వేటపాలెం. మంగళగిరి వలెనే అదీ మగ్గం చప్పుళ్ళ మధ్య పెరిగిన ఊరు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది, తర్వాత ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. 1918లో అక్కడి యువకులు కొందరు ఒక సంఘంగా ఏర్పడి, ఉన్న కొద్దిపాటి పుస్తకాలతో పఠన మందిరం తెరిచారు. అదే సారస్వత నికేతనం. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి దానికి అండగా నిలిచారు. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర నేటికీ అక్కడ భద్రంగా ఉంది.

అక్కడి పాత దినపత్రికల, వారపత్రికల సంపుటాల కోసం దూరప్రాంతాల నుంచి పరిశోధకులు వస్తుంటారు. పెద్ద నగరాలలోనూ దొరకని పత్రికలు ఒక నేత గ్రామంలో దొరకడం చిన్న విషయం కాదు. ఆ ఊరివారు రాజులూ కారు, జమీందారులూ కారు. ఒక తరం కూడబెట్టినదాన్ని తర్వాతి తరం అమ్ముకోకుండా కాపాడింది. అంతే తేడా.

రూపాయికి ఎనిమిది పైసలు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ భారం ప్రభుత్వం మీద పడింది. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఆ రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం అమలులోకి వచ్చింది. దాని ప్రకారమే జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు నడుస్తున్నాయి.

ఈ చట్టంలో ప్రతి గృహస్థూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. గ్రామంలోగాని, పట్టణంలోగాని ఇంటిపన్ను కట్టేవారు దానిపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. దీన్నే గ్రంథాలయ సెస్సు అంటారు. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టేవారు 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్లే. గడప తొక్కినా తొక్కకపోయినా, పుస్తకం తెరిచినా తెరవకపోయినా ఈ డబ్బు పోతూనే ఉంటుంది. పంచాయతీ, పురపాలక సంఘం, నగరపాలక సంస్థ దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి.

చిక్కంతా ఇక్కడే వస్తోంది. వసూలైన సెస్సు రాష్ట్రంలో పలుచోట్ల సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరడం లేదు. వీధిదీపాలకనో, పారిశుద్ధ్యానికనో వాడుకుని తర్వాత సర్దుదామనుకుంటారు. ఆ తర్వాత అనేది రాదు. బకాయి పేరుకుపోతుంది. కొత్త పుస్తకాలు కొనడం తగ్గుతుంది. పదవీ విరమణ చేసిన గ్రంథపాలకుని కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒకే మనిషి రెండు ఊళ్ళ తాళంచెవులు పట్టుకుని తిరగవలసి వస్తుంది. తలుపు మూసి ఉండడం చూసి జనం రావడం మానుకుంటారు. జనం రావడం లేదు కనుక గ్రంథాలయం అనవసరమంటారు. రోగం ఒకచోట, మందు మరొకచోట అన్నట్లుంది వ్యవహారం.

సెల్‌ఫోను ఉండగా గ్రంథాలయమెందుకు?

సెల్‌ఫోనులో సమస్తమూ దొరుకుతుందన్న మాట కొంతవరకు నిజమే. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ డిజిటల్ లైబ్రరీలో లక్షలాది పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు. కాని అక్కడ తనకు కావలసినది వెతికి పట్టుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 67 మంది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆనాడు చదువు రాదు. వారి చేతిలోనూ ఇప్పుడు ఫోను ఉంది. అందులోకి వచ్చే కబురు నిజమో అబద్ధమో తేల్చిచెప్పే మనిషి మాత్రం పక్కన లేడు. పోలీసులమని, బ్యాంకు వారమని ఫోనుచేసి ఖాతాలు ఖాళీచేసే మోసగాళ్ళకు ఇదే అదను. అలా మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చునన్న ముక్క ఎందరికి తెలుసు? ఊరి గ్రంథాలయం గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే పదిమందికీ తెలుస్తుంది.

సేద్యం సంగతీ అంతే. 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను తెల్లదోమ నిలువునా ముంచింది. మందుపై మందు కొట్టినకొద్దీ పురుగు పెరిగిందే తప్ప తగ్గలేదు. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2021లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు విరుచుకుపడినప్పుడూ అదే కథ. చాలామంది రైతులకు సలహా చెప్పింది మందు అమ్మే దుకాణమే. అమ్మేవాడు చెప్పే సలహాకు, అమ్మకంతో సంబంధం లేని కాగితం చెప్పే సలహాకు తేడా ఉంటుంది. ఎల్.సి.ఎ. 334 వంటి మిరప రకాలను అందించిన లాం పరిశోధన కేంద్రం గుంటూరు పక్కనే ఉంది. అక్కడి శాస్త్రజ్ఞుల మాట ఊరి గ్రంథాలయం బల్లమీదకు క్రమం తప్పకుండా వస్తే రైతుకు ఒక మందు డబ్బా ఖర్చయినా తప్పుతుంది.

ఇక మంగళగిరి ప్రాంతంలో కాగితం విలువ చెప్పనక్కరలేదు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు నిడమర్రు, కురగల్లు, నవులూరు, ఎర్రబాలెం, బేతపూడి రైతులు తాతలనాటి పొలాల పత్రాల మీద సంతకాలు చేయవలసి వచ్చింది. ఆనాటి నుంచి కౌలు, ప్లాటు, కోర్టు అనే మాటలు వారి ఇళ్ళలో నిత్యకృత్యమయ్యాయి. ప్రభుత్వ ఉత్తర్వును చదివి అర్థం చేసుకోగల చోటు ఊళ్ళో ఒకటి ఉండడం ఎంత అవసరమో వారికంటే బాగా చెప్పగలవారు లేరు. మంగళగిరి చీరలకు, వస్త్రాలకు భౌగోళిక గుర్తింపు వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ గుర్తింపు వల్ల తనకున్న హక్కేమిటో గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న నేతన్నకు చెప్పే పుస్తకం కూడా కావాలి.

చదువుకునే చోటు

గ్రంథాలయానికి నేడు ఎక్కువగా వస్తున్నది ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలలో లక్షకు పైగా ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు డీఎస్సీ ప్రకటన వెలువడింది. కోచింగు ఫీజులు కట్టగలవారు విజయవాడ వెళతారు. కట్టలేనివారికి ఫ్యాను కింద ఒక కుర్చీ, నాలుగు దినపత్రికలు, పరీక్ష పుస్తకాలు దొరికే చోటు ఇదొక్కటే. రెండు గదుల ఇంట్లో ఒక గది మగ్గానికి పోతే, పిల్లలు చదువుకునేది ఎక్కడ? ఆడపిల్ల సాయంత్రం రెండు గంటలు ధైర్యంగా కూర్చుని చదువుకోగల చోటు గుడి తర్వాత గ్రంథాలయమే.

పెద్ద దేశాలు గ్రంథాలయాలను మూసివేయడం లేదా అంటే, మూసినవీ ఉన్నాయి, కొత్తగా కట్టినవీ ఉన్నాయి. ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో 2018లో కట్టిన గ్రంథాలయంలో పుస్తకాలతోపాటు కుట్టుమిషన్లు కూడా ఉంచారు. ఎవరైనా వెళ్ళి కుట్టుకోవచ్చు. జనానికి ఏది అవసరమో దాన్ని సమకూర్చడమే గ్రంథాలయం పని అని వారు గ్రహించారు. పెదవడ్లపూడికి పడవ పంపినవారు ఆ సంగతి ఎనభై ఏళ్ళ ముందే గ్రహించారన్నది గమనార్హం.

చేయవలసినవి

గ్రంథాలయం పనివేళలు పొలం పని, మగ్గం పని ముగిశాక కూడా ఉండేలా మార్చాలి. వారానికి ఒకరోజు చదువు రానివారికి పత్రిక చదివి వినిపించే పాత ఆచారాన్ని తిరిగి తేవాలి. ఊళ్ళోని విశ్రాంత ఉపాధ్యాయులు ముందుకు వస్తే దీనికి పైసా ఖర్చు లేదు. వ్యవసాయ పత్రికలు, చేనేత పథకాల వివరాలు, ప్రభుత్వ ఉత్తర్వులు ఒక బల్లమీద విడిగా ఉంచాలి. కలకత్తాలోని రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి పుస్తకాలకు సహాయం చేస్తోంది. దాన్ని జిల్లా సంస్థలు పూర్తిగా ఉపయోగించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం సెస్సు లెక్క. పంచాయతీ ఉన్నచోట గ్రామసభలో ఎవరైనా లేచి, ఈ ఏడు గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమచేశారు అని అడగవచ్చు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. దండలు, ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలతో వారం గడిచిపోతుంది. ఈసారి ఆ వారంలో లెక్క కూడా అడిగితే ఉత్సవానికి అర్థముంటుంది. ఇంటిపన్ను రసీదు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్నొకసారి తీసి చూసుకుని, గ్రంథాలయం గడప తొక్కడం గృహస్థుల వంతు. తలుపు తెరిచి ఉంచడం అధికారుల వంతు.