పేలిన తూటాకు మరో జన్మ

తుపాకి పేలగానే గుండు గురికి తగిలిందా లేదా అని అందరూ అటే చూస్తారు. ఖాళీ డొల్ల ఎక్కడ పడిందా అని నేలమీద వెతికేవాళ్లు కొందరుంటారు. నేను ఆ రెండో తెగకు చెందినవాణ్ణి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో నా కాపురం. ఇక్కడ ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907లో మొదలైన జాతీయ తుపాకి పోటీలకు పెద్ద పేరు. ఆ పోటీలకు వచ్చేవాళ్లలో తమ తూటాలు తామే ఇంట్లో కూర్చుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ పనినే హ్యాండ్‌లోడింగ్ అంటారు. మన దేశంలో అయితే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాలు తయారుచేయడానికి లైసెన్సు కావాలి. కనుక పాఠకులు దీన్ని చదివి ఆనందిస్తే చాలు, ప్రయత్నించనక్కర్లేదు!

"అంగట్లో దొరికేదానికి ఇంత యాతన ఎందుకు బావా?" అని అడిగాడు ఆ మధ్య తెనాలి నుంచి వచ్చిన మా బావమరిది. న్యాయమైన ప్రశ్నే. తూటాలో నాలుగు భాగాలు: ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, వీటన్నిటినీ మోసే ఇత్తడి డొల్ల. మొదటి మూడూ ఒక్క దెబ్బతో ఖర్చయిపోతాయి. డొల్ల మిగులుతుంది. దాన్ని మళ్లీ నింపితే డబ్బు కలిసివస్తుంది, మన తుపాకికి నప్పినట్టుగా తూటాను తీర్చుకోవచ్చు కూడా.

అయితే ఆ డొల్ల చేసే పని సామాన్యమైనది కాదు. '.308 వించెస్టర్' తూటానే తీసుకోండి. అది పేలినప్పుడు చదరపు అంగుళానికి 62,000 పౌన్ల దాకా ఒత్తిడి పుట్టవచ్చు. ఆ క్షణంలో ఇత్తడి ఉబ్బి, తాను కూర్చున్న గది గోడలకు అతుక్కుపోయి, వాయువు వెనక్కి రాకుండా బిరడా వేస్తుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని బయటికి వస్తుంది. కాల్చేవాడి ముఖానికీ, ఆ నిప్పుకీ మధ్య ఉన్న అడ్డాల్లో ఈ పల్చని ఇత్తడి ఒకటన్నమాట.

పేలి వచ్చిన డొల్ల ఉబ్బి ఉంటుంది గనుక దాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కి తిరిగి కొలతకు తెస్తారు. దీనిని సైజింగ్ అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. తక్కువ నొక్కితే తూటా తుపాకిలో బిగుసుకుంటుంది. ఎక్కువ నొక్కితే డొల్ల భుజం వెనక్కి జరిగి, తూటాకు గదిలో ఖాళీ ఏర్పడుతుంది. పేలినప్పుడల్లా ఆ ఖాళీ నింపడానికి ఇత్తడి సాగుతుంది. సాగిన చోట పలచబడుతుంది. బోల్టు తుపాకికి భుజాన్ని అంగుళంలో వెయ్యోవంతు, మహా అయితే రెండు వంతులు వెనక్కి నెడితే చాలు. .308 గదిని పరీక్షించే రెండు గేజీలలో 'సరి' అనేది 1.630 అంగుళాలు, 'వద్దు' అనేది 1.634. మంచికీ చెడుకీ మధ్య దూరం అంతే!

దీని ఫలితం కళ్లారా చూశాను. మా మిత్రుడొకాయన దగ్గర లీ ఎన్‌ఫీల్డ్ ఉంది. మన పోలీసుల భుజాన దశాబ్దాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీయే అది. మన ఈషాపూర్ కార్ఖానాలోనూ తయారైంది. యుద్ధరంగంలో బురద పట్టిన తూటా కూడా దూరాలని దాని గదిని వదులుగా చేశారు. తూటాను అడుగున ఉన్న అంచు పట్టి ఆపుతుంది, భుజం ముందు ఖాళీ ఉంటుంది. మిత్రుడు ప్రతిసారీ డొల్లను పూర్తిగా అచ్చులోకి నొక్కేవాడు. నాలుగోసారి నింపిన తూటా పేల్చి బోల్టు లాగితే అడుగు బిళ్ల ఒక్కటే చేతికొచ్చింది. మిగతా గొట్టం లోపలే ఉండిపోయింది. కళ్లకు రక్షణ అద్దాలున్నాయి కాబట్టి సరిపోయింది. ఆ జట్టులోని మరో డొల్లను నిలువుగా కోసి చూస్తే, అడుగుకు కొంచెం పైన లోపలివైపు గోరు తగిలేంత గాడి! ఇప్పుడాయన మెడ వరకే సైజు చేసి, ఆ డొల్లలను ఆ ఒక్క తుపాకిలోనే వాడుతున్నాడు.

మెడకు మరో బాధ ఉంది. నొక్కగా నొక్కగా ఇత్తడి పెళుసెక్కి చిట్లుతుంది. మన కంచరివాళ్లు బిందె కొట్టేటప్పుడు నడుమ నడుమ కొలిమిలో కాల్చేది ఇందుకే. ఇక్కడా మెడను కాలుస్తారు. అడుగుకు మాత్రం సెగ తగలనివ్వరు. అది మెత్తబడితే ప్రాణాపాయం.

ఇక ప్రైమర్. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అని ఒక మతగురువు. చెకుముకి తుపాకి మెరుపు చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బకు పేలే మందుతో తుపాకిని వెలిగించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. తరువాత 1866లో ఇంగ్లీషువాడు బాక్సర్, అమెరికావాడు బెర్డన్ చెరొక ప్రైమర్‌కు పేటెంట్లు తీసుకున్నారు. బాక్సర్ పద్ధతిలో దాగలి ప్రైమర్‌లోనే ఉంటుంది, డొల్లకు నడిమధ్య ఒకటే రంధ్రం. బెర్డన్ పద్ధతిలో దాగలి డొల్లలో భాగం, మామూలుగా పక్కన రెండు చిన్న రంధ్రాలు. విచిత్రమేమిటంటే ఇంగ్లీషువాడిది అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది ఐరోపాలో స్థిరపడింది. అమెరికాలో ఇంటింటి హ్యాండ్‌లోడింగ్ పెరగడానికి ఆ మధ్య రంధ్రం ఎంతో తోడ్పడింది. అచ్చులోని సూది ఆ రంధ్రంలోంచి దిగి, సైజింగ్‌తో పాటే పాత ప్రైమర్‌ను నెట్టేస్తుంది.

కొత్త ప్రైమర్ అడుగు మట్టం కన్నా అంగుళంలో మూడు నుంచి అయిదు వెయ్యోవంతులు లోపలికి కూర్చోవాలి. పైకి తేలితే ముప్పు. గారండ్ వంటి తుపాకుల్లో సూదికి స్ప్రింగు పట్టు లేదు. బోల్టు మూసుకున్న విసురుకే అది ప్రైమర్‌ను ముద్దాడుతుంది. మీట నొక్కకుండానే తూటా పేలవచ్చు. ప్రైమర్ రకం మారిస్తే మందు కూడా తగ్గించి మళ్లీ మొదటినుంచీ చూసుకోవాలి, ఎందుకంటే వేడి నిప్పు ఒత్తిడిని పెంచుతుంది.

"ఒక డొల్లను ఎన్నిసార్లు నింపవచ్చు?" అని చాలామంది అడుగుతారు. దానికి లెక్క లేదు. నేను మూడు చోట్ల చూస్తాను. మెడ చిట్లిందా? కొస వంచిన సన్నని తీగను లోపలికి పోనిచ్చి రాస్తే అడుగు దగ్గర గాడి తగులుతోందా? ప్రైమర్ వేలి ఒత్తిడికే వదులుగా దిగుతోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, మరొకరు ఏరుకుని నింపే వీలులేకుండా పటకారుతో నలిపి, పాత ఇత్తడి డబ్బాలో పడేస్తాను.