రిఫరీల గదిలో కుదిరే ఒప్పందాలు

ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యే ముందు రిఫరీ, ఇద్దరు అసిస్టెంట్ రిఫరీలు, ఉంటే ఫోర్త్ అఫీషియల్ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు. దీన్ని ప్రీ-మ్యాచ్ బ్రీఫింగ్ అంటారు. ఎక్కువగా రిఫరీయే చెబుతారు, మిగతావారు సందేహాలు అడుగుతారు. నిబంధనలు అందరికీ వచ్చినవే కాబట్టి వాటి పాఠం అక్కడ ఉండదు. ఎవరు ఎటు చూడాలి, జెండా ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు ఆగాలి, ఏ మాట ఎలా చెప్పాలి అన్నవి తేల్చుకోవడమే అసలు పని. మైదానంలో నిర్ణయానికి ఒకటి రెండు సెకన్లకు మించి దొరకవు. అప్పుడు సంప్రదించుకునే తీరిక ఉండదు.

దీని అవసరం మైదానం కొలతల్లోనే ఉంది. పెద్ద మ్యాచ్‌లు జరిగే మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత మేరా ఒక్కరి చూపు ఆనదు. అందుకని రిఫరీ ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఐమూలగా తిరుగుతారు. మిగిలిన రెండు మూలల వైపు, చెరో సగంలో, టచ్‌లైన్ల వెంట అసిస్టెంట్లు కదులుతుంటారు. ఆట ఎప్పుడూ రిఫరీకీ, ఆ సగంలోని అసిస్టెంట్‌కీ నడుమ ఉండేలా చూసుకోవడం ఇందులో కీలకం. 1934లో ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కి రిఫరీగా వ్యవహరించిన స్టాన్లీ రౌస్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. తరవాతి కాలంలో ఆయనే ఫిఫా అధ్యక్షుడయ్యారు. అయితే రిఫరీ చూపు ఎక్కడ ఆగుతుందో, అసిస్టెంట్ చూపు ఎక్కడ మొదలవుతుందో చెప్పే గీత మైదానంలో ఎక్కడా ఉండదు. దాన్ని ఆ గదిలోనే గీసుకోవాలి.

మాటలకు ముందు మైదానం తనిఖీ ఉంటుంది. గోల్ పోస్టుల మధ్య 7.32 మీటర్లు, క్రాస్‌బార్ ఎత్తు 2.44 మీటర్లు ఉన్నాయా, మూలల్లోని జెండా కర్రలు 1.5 మీటర్లకు తగ్గకుండా ఉన్నాయా అని చూస్తారు. నెట్‌లో చిరుగులు వెతకడం మామూలుగా అసిస్టెంట్ల వంతు. చిన్న చిరుగే కదా అని వదిలేస్తే, బయటినుంచి దూరిన బంతి గోల్ లాగానే కనిపిస్తుంది. బంతిలో గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి. రెండు జట్ల చొక్కాల రంగులు ఒకదానితో ఒకటి, రిఫరీల దుస్తులతోనూ కలిసిపోకూడదు. గోల్‌కీపర్ల రంగులు వేరేగా కనిపించాలి. రిఫరీ ఈ తనిఖీకి మైదానంలో అడుగు పెట్టినప్పటి నుంచే ఆయన అధికారం అమల్లోకి వస్తుంది. ఆట మొదలు కాకముందే ఎవరైనా తీవ్రంగా దురుసుగా ప్రవర్తిస్తే, ఆ ఆటగాణ్ణి ఆడనివ్వకుండా చేయవచ్చు.

బ్రీఫింగ్‌లో తేలికగా తేలిపోయేది త్రో-ఇన్. తన దగ్గరలో బంతి బయటికి పోతే అసిస్టెంట్ నేరుగా దిశ చూపిస్తారు. దూరంగా పోయినా, ఎవరికి తగిలి పోయిందో తెలియకపోయినా జెండా నిటారుగా ఎత్తి, రిఫరీ కళ్లలోకి చూసి, ఆయన చూపిన వైపే చూపిస్తారు. ఒకరు ఇటు, ఒకరు అటు చూపిస్తే ప్రేక్షకుల్లో నవ్వులు మొదలవుతాయి. ఆటగాళ్లకు నమ్మకం పోవడానికి అదొక్కటి చాలు.

ఆఫ్‌సైడ్ అంత సులువు కాదు. అసిస్టెంట్ చివరినుంచి రెండో డిఫెండర్‌కి సమాన రేఖలో ఉండాలి. బంతి ఆ డిఫెండర్ కన్నా గోల్ లైన్‌కి దగ్గరైతే బంతికి సమంగా ఉండాలి. ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నంత మాత్రాన తప్పు కాదు, ఆటలో జోక్యం చేసుకుంటేనే తప్పు. అందుకని ఆ ఆటగాడు బంతి అందుకునేదాకా ఆగి చూడమని రిఫరీ చెబుతారు. వీడియో రిఫరీ ఉన్న మ్యాచ్‌లో ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. గోల్ అవకాశం కళ్లముందు ఉంటే, ఆఫ్‌సైడ్ అనిపించినా ఆ దాడి పూర్తయ్యాకే జెండా ఎత్తాలి. ముందే ఎత్తి, విజిల్ మోగి ఆట ఆగిపోతే, ఆ తరవాత పడిన గోల్‌ని ఏ వీడియో తిరిగి తేలేదు.

ఫౌల్స్ దగ్గరే అసలు చర్చ సాగుతుంది. తనకన్నా అసిస్టెంట్‌కి స్పష్టంగా కనిపించిన తప్పుకే జెండా ఎత్తమని రిఫరీలు కోరుతారు. తను పక్కనే ఉండి చూసి వదిలేసిన దానికి జెండా లేస్తే, అది సాయం కాకుండా తగువు అవుతుంది. పెనాల్టీ ఏరియా లోపల ఈ జాగ్రత్త రెట్టింపు. రిఫరీకి అడ్డుగా ఎవరైనా ఉన్నారా అని ముందు చూసుకోవాలి, ఆ తరవాతే సంకేతం. ఆటగాళ్లు గుంపుగా కలబడితే ఏం చేయాలో కూడా ముందే పంచుకుంటారు. దగ్గరున్న అసిస్టెంట్ లోపలికి వచ్చి సాయం చేస్తారు. రెండో అసిస్టెంట్ దూరం నుంచే గమనిస్తూ ఎవరు ఏం చేశారో నంబర్లు రాసుకుంటారు. ఫోర్త్ అఫీషియల్ బెంచీలను వదలకూడదు.

కార్డుల లెక్క చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది. 2006 ప్రపంచ కప్‌లో, జూన్ 22న స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా-ఆస్ట్రేలియా మ్యాచ్ జరిగింది. క్రొయేషియా డిఫెండర్ సిమునిచ్‌కి 61వ నిమిషంలో, 90వ నిమిషంలో ఎల్లో కార్డులు చూపించిన ఇంగ్లిష్ రిఫరీ గ్రాహమ్ పోల్, అతణ్ణి బయటికి పంపలేదు. రెండో కార్డుని ఆస్ట్రేలియా జట్టులోని 3వ నంబర్ ఆటగాడి పేరున రాసుకున్నారు. సిమునిచ్ నంబర్ కూడా మూడే. మూడో ఎల్లో కార్డుతో గానీ అతనికి రెడ్ కార్డ్ రాలేదు. రిఫరీ చేయి జారితే పట్టుకోవడానికి సహచరులున్నారు, వారందరి దృష్టినీ అది దాటిపోయింది. ప్రతి కార్డునీ అందరూ రాసుకోవడం, రెండో ఎల్లో అయితే వెంటనే రిఫరీని హెచ్చరించడం బ్రీఫింగ్‌లో తప్పనిసరిగా వచ్చే అంశం.

చెవిలో హెడ్‌సెట్లు వచ్చాక ఈ మాటామంతీ అవసరం తగ్గుతుందనుకోవడం పొరపాటు. 2023 సెప్టెంబర్ 30న లండన్‌లో టోటెన్‌హామ్‌తో ఆడుతున్న లివర్‌పూల్ తరఫున లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. అసిస్టెంట్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తారు. వీడియో గదిలో చూస్తే డియాజ్ ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడు. అయితే మైదానంలో గోల్ ఇచ్చేశారని భ్రమపడిన వీడియో రిఫరీ ‘చెక్ కంప్లీట్’ అన్నారు. తమ ఆఫ్‌సైడ్ నిర్ణయమే ఖాయమైందనుకుని మైదానంలోని రిఫరీ ఆట మొదలుపెట్టించారు. ఒకసారి ఆట మొదలయ్యాక వెనక్కి పోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. లివర్‌పూల్ ఆ మ్యాచ్‌లో 2-1తో ఓడింది. పరికరం సరిగానే పనిచేసింది, ఒకే మాటకి ఇద్దరు రెండు అర్థాలు తీసుకున్నారు. ‘ఆన్‌సైడ్, గోల్ ఇవ్వాలి’ అని నిర్ణయాన్ని విడమరిచి చెప్పి, అవతలివారు తిరిగి పలికేలా ముందే ఒప్పుకోవడమే దీనికి విరుగుడు.

వేర్వేరు దేశాలవారు కలిసినప్పుడు ఇది మరీ ముఖ్యం. 2022 డిసెంబర్ 1న ఖతార్‌లో కోస్టారికా-జర్మనీ మ్యాచ్‌తో పురుషుల ప్రపంచ కప్‌లో తొలిసారి ముగ్గురు మహిళలు మైదానంలో బాధ్యతలు చేపట్టారు. రిఫరీ స్టెఫనీ ఫ్రాపార్ ఫ్రాన్స్‌కు, అసిస్టెంట్లు బ్రెజిల్, మెక్సికో దేశాలకు చెందినవారు. ముగ్గురివీ మూడు మాతృభాషలు.

చివర్లో వార్మప్, గడియారాలు ఒకే సమయానికి పెట్టుకోవడం, ఈలలు, కార్డులు, నోట్‌బుక్ సరిచూసుకోవడం మిగులుతాయి.

కాలేజీ, జిల్లా స్థాయి పోటీల్లో ఒక్కోసారి శిక్షణ పొందిన అసిస్టెంట్లు దొరకరు. అప్పుడు ఒక్కో జట్టు నుంచి ఒకరికి జెండా ఇచ్చి నిలబెడతారు. అలాంటి చోట బ్రీఫింగ్ ఒక్క మాటతో ముగుస్తుంది. బంతి పూర్తిగా గీత దాటితే జెండా ఎత్తమంటారు, అంతే. ఆఫ్‌సైడ్, ఫౌల్, పెనాల్టీ మొత్తం రిఫరీయే చూసుకోవాలి.