మీ సబ్బులో ఏ నూనె ఉందో చూశారా?



రెండేళ్ల క్రితం మా స్టాల్‌లో ఒక అక్క వేప సబ్బు చేతిలోకి తీసుకుని, "ఇందులో అసలు నూనె ఏంటి తమ్ముడూ?" అని అడిగింది. వేపనూనె అన్నాను. ఇంటికొచ్చి నేను కొన్న సబ్బు బేస్ ప్యాకెట్ చూస్తే మొదటి పేరే సోడియం పామేట్, అంటే పామాయిల్! నేను కలిపిన వేపనూనె చెంచాడే. సిగ్గేసింది.

గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో పామాయిల్ తోట వేసిన రైతుని నేను తప్పుపట్టను. కానీ మన దేశం వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం దిగుమతే. ఇండోనేషియా, మలేషియాల్లో ఆ తోటల కోసం అడవులు నరికారు. ఏ తోట నూనో సబ్బు మీద రాయరు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

- సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ అని ఉంటే పామ్ నూనెలే.
- సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనె.
- టీఎఫ్ఎం శాతం ఎంతున్నా అది ఏ నూనెదో చెప్పదు.

ఇప్పుడు నేను గానుగ కొబ్బరినూనెతోనే చేస్తున్నా. కిలో నూనెకి 150 గ్రాముల కాస్టిక్ సోడా. ఇంకా ఎక్కువ వేస్తే చర్మం పొడిబారుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని సోడానే నీళ్లలో వెయ్యాలి, సోడా మీద నీళ్లు పొయ్యకూడదు. 4 నుంచి 6 వారాలు ఆరనివ్వాలి. వీడియోలో అంతా చూపించాను.

ఖర్చు ఎక్కువే. కానీ ఇప్పుడు ఆ అక్క మళ్లీ అడిగితే తడుముకోకుండా చెప్తాను.